బిరడా కొట్టిన పైపు

పాత బుల్లెట్ కింద నూనె చుక్కలు కనిపిస్తే చూసిన ప్రతివాళ్ళూ చెప్పే మాట ఒకటే: ప్యాకింగ్ పోయింది. టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు చెబుతారు, పెట్రోలు బంకులో కుర్రాడు చెబుతాడు, ఎన్నడూ బండి నడపని బంధువులు కూడా చెబుతారు. నేనూ అదే నమ్మాను. ప్యాకింగ్ పోవడం అబద్ధమేమీ కాదు, నిజంగానే పోతుంది. కానీ ఎందుకు పోయిందని అడగాలని నాకు చాలాకాలం తోచలేదు. తోచని ఆ రోజుల్లో నేను చేసిన పనులకి ఇంజను పాడైంది. దానికి డబ్బు పెట్టాను, బాగైంది. నా భార్యకి జరిగినదాన్ని అలా సరిపెట్టుకోలేను. ఆ వరస అంతా రాసిపెడితే పాత బండి ఉన్న ఇంకొకరికి పనికొస్తుందని ఈ ప్రయత్నం.

మాది తెనాలి. హైస్కూల్లో పాఠాలు చెబుతాను. నా బండి 1980ల నాటి బుల్లెట్ 350, కుడికాలితో గేర్లు వేసేది, పోతయినుము బోరుది. ఈ ఇంజను గురించి ముందు కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా తప్పులన్నీ దాని కట్టుబడి తెలియకపోవడం వల్లే మొదలయ్యాయి. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళూ, ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్ళోని రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళూ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారీ మొదలైంది. ఆ తర్వాత ఇంగ్లండులో ఆ కంపెనీ మూతబడినా, అప్పటి ఇంజను మాత్రం చిన్న చిన్న మార్పులతో ఇక్కడ ఈ శతాబ్దం మొదటి దశాబ్దం చివరిదాకా వస్తూనే ఉంది. అంటే నా బండి 1980లలో పుట్టినా, దాని లోపలి ఆలోచన 1950ల ముందుది. ఇప్పటి బళ్ళ లెక్కలు దానికి పనికిరావు.

మామూలు బళ్ళలో నూనె క్రాంకు కిందే గుంటలో నిలవ ఉంటుంది. పాత బుల్లెట్లో అలా కాదు. క్రాంకు తిరిగే పెట్టె, అంటే చాంబరు, లోపలే వెనకవైపు నూనెకి విడిగా ఒక గది ఉంటుంది. ఒక పంపు అందులోంచి నూనె తీసుకుని క్రాంకుకి పంపిస్తుంది. అక్కడ జారిన నూనెని ఇంకో పంపు తోడి మళ్ళీ గదిలోకి చేరుస్తుంది. రెండు పంపులూ టైమింగ్ కవర్లోనే ఉంటాయి, ఒకే కడ్డీతో నడుస్తాయి. బండి నడుస్తున్నంతసేపూ ఇచ్చిపుచ్చుకోవడం సరిగానే జరుగుతుంది. బండి ఆగాక, అందులోనూ పంపులు అరిగిన పాత బండి అయితే, గదిలోని నూనె పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంకు వైపు దిగిపోతుంది. నాలుగు రోజులు కదల్చకపోతే గదిలో మట్టం బాగా పడిపోతుంది. ఇంజన్లో ఉన్న మొత్తం నూనె మాత్రం అంతే ఉంటుంది.

నా మొదటి తప్పు ఇక్కడే. ఆదివారం పొద్దున్నే బండి బయటికి తీసి, తుడిచి, స్టార్ట్ చెయ్యకముందే డిప్ స్టిక్ లాగి చూసేవాణ్ణి. నూనె కింది గీతకి కూడా అందేది కాదు. ఓ గ్లాసుడు పోసేవాణ్ణి. వచ్చే ఆదివారం మళ్ళీ అదే తంతు. కింద చుక్కలు కనిపిస్తూనే ఉన్నాయి కాబట్టి పోసిందంతా కారిపోతోందని లెక్క కట్టాను. ఆ చుక్కలకీ నేను పోస్తున్న గ్లాసులకీ ఏమాత్రం పొంతన లేదని గమనించలేదు. గ్లాసుడు నూనె వారంలో కారితే వాకిట్లో పెద్ద మడుగే కట్టాలి. అక్కడ ఉన్నవి రూపాయి బిళ్ళంత మరకలు.

బండి స్టార్ట్ కాగానే రెండో పంపు క్రాంకు దగ్గర చేరిన నూనెనంతా తోడి గదిలో పోస్తుంది. అక్కడ అప్పటికే నేను పోసినది ఉంది. ఈ ఇంజనుకి కావలసింది సుమారు రెండు లీటర్ల నూనె. అంతకు మించిపోతే దానికి లోపల చోటు లేదు, గాలి పోయే దారిలోనే బయటికి రావాలి. కాబట్టి మట్టం చూడాల్సిన పద్ధతి వేరు. బండిని కనీసం పది నిమిషాలు నడిపి, సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండు వేసి, రెండు మూడు నిమిషాలు ఆగి చూడాలి. చల్లటి ఇంజన్లో తక్కువ కనిపిస్తే, ముందు స్టార్ట్ చేసి పంపుని దాని పని చెయ్యనిచ్చి, తర్వాతే నూనె డబ్బా ముట్టుకోవాలి. ఇలా నూనెకి విడి గది ఉన్న ఇంజన్లని డ్రై సంపు ఇంజన్లంటారు, ఇది పాతవాటన్నిటికీ పనికొచ్చే మాట.

ఇలా కొన్నాళ్ళు నడిచాక వెనక చక్రం రిమ్ము మీదా టైరు పక్కనా నూనె తుంపర కనబడసాగింది. చైనుకి రాసిన నూనె చిందుతోందనుకున్నాను. చైనుకి నూనె రాసి చాలా రోజులైందన్న సంగతి నాకు తెలుసు. అయినా అలాగే అనుకున్నాను, ఎందుకంటే అలా అనుకుంటే విప్పాల్సిన పని ఉండదు. గుడ్డతో తుడిచి ఊరుకున్నాను.

తొలకరి జల్లు పడ్డ ఓ సాయంత్రం, కాలవ గట్టు మీద రోడ్డు. వెనక నా భార్య కూర్చుంది. మలుపులో వెనక చక్రం పక్కకి జారింది. వేగం లేదు కాబట్టి బండి ఒరిగి పడింది, అంతే. నాకు మోకాలు గీరుకుంది. ఆమె చెయ్యి ఆనించి పడింది. మణికట్టు ఎముక చిట్లి కట్టు కట్టించుకోవాల్సి వచ్చింది. ఆ చేత్తో ఆమె చాలా రోజులు జడ వేసుకోలేకపోయింది. వర్షానికి రోడ్డు జారిందని అందరికీ చెప్పాను. ఆమెకీ అదే చెప్పాను. ఆ రాత్రి టైరు మీద వేలితో రాస్తే నీళ్ళతో పాటు నల్లటి నూనె అంటుకుంది.

తెల్లవారి బండి కింద పడుకుని వెతికాను. గేర్ బాక్సు వెనకాల ఒక రబ్బరు పైపు చివర చక్రం వైపు తిరిగి ఉంది. దాని నోట్లో వేలు పెడితే నూనె. వెనకటి యజమాని ఎవరో ఉన్న పైపుని కోసి అలా మళ్ళించి ఉంచారు. నూనె వచ్చే చోటు దొరికిందన్న సంతోషంలో ఆ పైపు ఎందుకుందని ఆలోచించలేదు. ఓ రబ్బరు బిరడా తెచ్చి పైపు నోట్లో దిగగొట్టి, పైన క్లిప్పు బిగించాను. నాలుగు రోజులు నడిపి చూశాను. టైరు పొడిగా ఉంది. ఇక భయం లేదని ఇంట్లో ధైర్యంగా చెప్పాను కూడా. ఈ బండికి నేను చేసినవాటిలో అన్నిటికంటే పెద్ద తప్పు అదే.

అది ఇంజను ఊపిరి వదిలే పైపు. మెకానిక్కులు బ్రీదర్ పైపు అంటారు. ఈ ఇంజను బోరు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. లెక్కకడితే 346 సీసీ. పిస్టన్ పైన, పెట్రోలు మండే వైపు, అది కదిలే చోటునే మనం సీసీల్లో చెప్పుకుంటాం. దాని కింది వైపు ఎవరూ తలుచుకోరు. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ చాంబర్లో ఉన్న గాలి అదే 346 సీసీల మేర నలుగుతుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి యాభై సార్లు ఇలా జరుగుతుంది. ఒంటి పిస్టన్ ఇంజను కాబట్టి, ఒకటి దిగేటప్పుడు ఇంకోటి లేచి సర్దుబాటు చేసే వీలు లేదు. పైగా ఎంత మంచి రింగులున్నా మండిన వాయువు కొంత పిస్టన్ పక్కల్నించి కిందికి దిగుతూనే ఉంటుంది. ఇదంతా బయటికి పోవడానికి ఉన్న దారి ఆ పైపు ఒక్కటే.

ఆ దారిలో చివర చీలిక ఉన్న చిన్న రబ్బరు వాల్వు ఉంటుంది. లోపలి గాలి బయటికి నెడితే చీలిక తెరుచుకుంటుంది, బయటి గాలి లోపలికి రాబోతే మూసుకుంటుంది. పిస్టన్ దిగినప్పుడు గాలి బయటికి పోతుంది, లేచినప్పుడు లోపలికి రాదు. దాంతో చాంబర్లో ఒత్తిడి బయటికంటే కొంచెం తక్కువగా నిలుస్తుంది. బయటి గాలి లోపలికి నొక్కుతూ ఉంటుంది కాబట్టి అతుకుల దగ్గర నూనె బయటికి రావడానికి చూడదు. పాత ఇంజన్లో కాగితం ప్యాకింగులూ కార్కు ప్యాకింగులూ పొడిగా ఉండగలగడం వెనక ఈ వాల్వు ఉంది. అరచేతిలో కనపడకుండా పోయేంత రబ్బరు ముక్క. దాని మీద నాకు ఇప్పుడున్న గౌరవం ఇంజన్లో ఇంకే భాగం మీదా లేదు.

నేను దానికి అడ్డం కొట్టాను. ఒత్తిడి పోయే దారి లేక బలహీనమైన అతుకుల్ని వెతుక్కోవడం మొదలుపెట్టింది. ముందు బోరు కింద పక్కన ఉండే టాపెట్ మూత దగ్గర తడి. దాన్ని ఇంకొంచెం బిగించాను. తర్వాత టైమింగ్ కవరు అంచు. తర్వాత హెడ్డు మీద రాకర్ కవరు. ఒక్కో ఆదివారం ఒక్కో చోట. ప్రతి చోటా నా పద్ధతి ఒకటే. విప్పడం, పాత ప్యాకింగ్ గీకి కొత్తది వెయ్యడం, దాని మీద సిలికాన్ గమ్ము దట్టంగా పట్టించడం, గట్టిగా బిగించడం. మూడు పనులు ఒకేసారి చేస్తుంటే ఏది నయం చేసిందో, ఏది చెడగొట్టిందో తెలిసే దారి లేదు. పిల్లలకి సైన్సు ప్రయోగం చేయిస్తూ ఒకసారికి ఒకటే మార్చాలని చెప్పేవాణ్ణి నేను.

చివరికి క్లచ్ జారడం మొదలైంది. క్లచ్ వైపు చైను కవర్లో వేరే నూనె ఉంటుంది, ఇంజను నూనెతో దానికి సంబంధం లేదు. మధ్యలో క్రాంకు షాఫ్టు చుట్టూ ఒక ఆయిల్ సీలు కాపలా. ఒత్తిడి ఆ సీలుని కూడా దాటి ఇంజను నూనెని క్లచ్ లోకి నెట్టింది. కవరు కింద చుక్కలు చూసి నట్టు బిగించాను. ఆ కవరుకి నడుమ ఒకటే పెద్ద నట్టు, అంచున రబ్బరు ప్యాకింగు. ఎక్కువ బిగిస్తే నడుమ నొక్కుకుని కవరు ఆకారం చెడుతుంది, అంచు సరిగా కూర్చోదు. నేను బిగించిన కొద్దీ ఎక్కువ కారింది. ఎక్కువ కారిన కొద్దీ ఇంకా బిగించాను.

అప్పుడు బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాను. అక్కడ పాత బుల్లెట్లే చూసే ఒక పెద్దాయన ఉన్నారని తెలిసింది. చాంబరు మొత్తం విప్పి అన్ని సీళ్ళూ మార్చాలని వెళ్ళీ వెళ్ళగానే ఆయనకి చెప్పాను. ఆయన పానా పట్టుకోలేదు, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మాస్టారూ, దీనికి ఎప్పుడేం చేశారో మొదట్నించీ చెప్పండి."

టాపెట్ మూత, టైమింగ్ కవరు, రాకర్ కవరు, క్లచ్ కవరు, అన్నీ చెప్పాను. పైపు సంగతి చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు. అది నా దృష్టిలో అయిపోయిన మరమ్మతు, రోగంలో భాగమని తోచలేదు. ఇప్పుడు ఆలోచిస్తే రోగి డాక్టరుకి చెప్పకుండా వదిలేసే సంగతి తరచు ఇలాంటిదే అయి ఉంటుంది. ప్రతి ఆదివారం పోసిన నూనె సంగతి కూడా ఆయన గుచ్చి గుచ్చి అడిగితేనే బయటికొచ్చింది.

ఆయన వంగి, టార్చి వేసి, చేత్తో తడుముతూ గేర్ బాక్సు వెనక్కి వెళ్ళారు.

"ఈ బిరడా ఎవరు పెట్టారండీ?"

"నేనే, మేస్త్రి గారూ. అక్కణ్ణించి నూనె చిందుతోందని."

"గాలి ఎటు పోవాలనుకున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన కోప్పడలేదు. క్లిప్పు విప్పి బిరడా లాగారు. నూనె వంపి కొలపాత్రలో పోసి చూపించారు, ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. వాల్వు రబ్బరు గట్టిపడి చీలిక మూసుకోకుండా నోరు తెరుచుకునే ఉంది. నోటితో అటు ఊది, ఇటు ఊది చూపించారు. మంచి వాల్వులో గాలి ఒకవైపే పోవాలి, ఇందులో రెండు వైపులా పోతోంది. అంటే నేను బిరడా కొట్టకముందే ఇంజన్లో ఆ తక్కువ ఒత్తిడి నిలవడం మానేసింది. వాకిట్లో మొదటి చుక్కలకి కారణం అదే. వాల్వు వెనక పైపులో పాలమీగడ రంగు జిగురు పేరుకుని ఉంది. బడికీ ఇంటికీ చిన్న దూరాలు మాత్రమే తిరిగే బండిలో ఇంజను పూర్తిగా వేడెక్కదు, లోపలి చెమ్మ ఆవిరైపోక నూనెతో కలిసి ఇలా తయారవుతుంది.

టైమింగ్ కవర్లోని ఫిల్టరు తీసినప్పుడు నా గుండె జారింది. దాని నిండా సిలికాన్ పీలికలు. అతుకు మీద దట్టంగా రాసిన గమ్ము బిగించినప్పుడు బయటికి ఎంత వస్తుందో లోపలికీ అంతే వస్తుంది. బయటిది మనకి కనిపిస్తుంది, గీకేస్తాం. లోపలిది ఆరి, ఊడి, నూనెతో కొట్టుకుపోయి సన్నటి దారుల్లో పడుతుంది. నూనె ఒక్క చుక్కా కారకుండా ఆపి, నూనె అందక రాకర్లూ బిగ్ ఎండూ అరిగిపోయేలా చేయడమన్నమాట. నా బండికి ఆ నష్టం రాకర్ బుషుల దగ్గర ఆగింది. ఫిల్టరు అడ్డుకోకపోతే ఇంకా లోపలికి వెళ్ళేది.

చాంబరు విప్పాలన్న నా కోరికని ఆయన పక్కన పెట్టారు. కొత్త వాల్వు, కొత్త పైపు, క్రాంకు సీలు, వంపు సరిచేసిన క్లచ్ కవరు, సరైన కొలతకి 20డబ్ల్యు-50 నూనె. "ఇంజను ఊపిరి తీసుకున్నాక ఇంకా ఎక్కడ కారుతుందో అప్పుడు చూద్దాం. ముందు కడగండి" అన్నారు.

కడగడమన్న పనిని నేను అప్పటిదాకా అందం కోసం చేసేవాణ్ణి. నూనె కారే చోటు వెతకడానికి అది మొదటి మెట్టని ఆయన దగ్గర తెలుసుకున్నాను. కారిన నూనె కింద పడే లోపల చాలా దూరం ప్రయాణిస్తుంది. బరువుకి కిందికి దిగుతుంది, ఎదురుగాలికి వెనక్కి పాకుతుంది, బోరు రెక్కల సందుల్లో దాక్కుంటుంది, బోల్టు తలల మీదా కవరు అంచుల వెంటా సాగి చిట్టచివర అన్నిటికంటే కిందున్న చోట చుక్కగా వేలాడుతుంది. ఆ అడుగున సాధారణంగా నూనె వంపే బోల్టు ఉంటుంది. అందుకే ఎంతోమంది ఏ పాపమూ లేని ఆ బోల్టుని బిగించి బిగించి అల్యూమినియంలో మర పాడుచేస్తారు. వెతికేటప్పుడు తడి ఉన్నచోట్లలో అన్నిటికంటే పైనా, అన్నిటికంటే ముందూ ఉన్న చోటు చూడాలి. పాత జిడ్డు ఉన్నంతకాలం ఆ చోటు కనపడదు.

కిరోసిన్, పాత బ్రష్షు, తర్వాత సబ్బు నీళ్ళు, తర్వాత పూర్తిగా ఆరబెట్టడం. కార్బొరేటరు నోట్లోకీ ప్లగ్గు చుట్టూ ఉన్న గుంటలోకీ నీళ్ళు పోకుండా చూసుకోవాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే కిరోసిన్ ముట్టుకోవాలి. ఆరాక అనుమానం ఉన్న వైపంతా ముఖానికి రాసుకునే టాల్కం పౌడరు పల్చగా చల్లాలి. తర్వాత ఇంజనుని ముందు నిలబెట్టే నడపాలి, గాలి తగలకుండా. ఏమీ కనపడకపోతే యాక్సిలరేటరు కొంచెం పెంచాలి. అప్పటికీ కనపడకపోతే నాలుగైదు కిలోమీటర్లు తిప్పుకుని రావాలి. తెల్లటి పౌడరులో నూనె పుట్టిన చోట సన్నటి నల్ల గీత మొదలవుతుంది. దాన్ని పైకి వెంబడిస్తూ వెళ్ళాలి. సన్నని సందుల్లోకి చిన్న అద్దం పెట్టి చూడాలి. ఇది తొందరలో అయ్యే పని కాదు. నాకు ఆ మధ్యాహ్నం అంతా పట్టింది, జీవితంలో అంత శ్రద్ధగా దేన్నీ చూసిన గుర్తు లేదు.

వాల్వు మార్చిన తర్వాత టాపెట్ మూతా, రాకర్ కవరూ పొడిగానే ఉండిపోయాయి. వాటిని అన్నిసార్లు విప్పడం వృథా. కుడివైపు మాత్రం పౌడరు మీద ఒక గీత దిగింది. దాన్ని పట్టుకుని పైకి వెళితే అది టైమింగ్ కవరు అంచున ఆగలేదు. బోరు రెక్కలెక్కి, హెడ్డు దాకా పోయి, రాకర్లకి నూనె తీసుకెళ్ళే సన్నటి గొట్టం చివర బోల్టు దగ్గర తేలింది. నేను కిందనున్న టైమింగ్ కవరుని అన్నిసార్లు విప్పిందీ గమ్ము పూసిందీ ఈ చుక్క కోసమే.

ఆ బోల్టు కింద రాగి వాషర్లు, గొట్టం కన్నుకి అటొకటి ఇటొకటి. రాగి మెత్తగా ఉంటేనే బిగింపులో నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగాక గట్టిపడుతుంది, అదే వాషరుని మళ్ళీ వేస్తే ఎంత బిగించినా కారుతుంది. దాన్ని పారెయ్యనక్కర్లేదు. గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. ఇనుము ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుందని విన్నవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది, కానీ రాగి గుణం వేరు. పైన పట్టిన నల్లటి పొరని సన్న ఎమిరీ పేపరుతో తీసేసి వేశాను. కొత్త వాషరు ఖరీదు పెద్దదేం కాదు, అయినా ఆ పని నా చేత్తో చెయ్యాలనిపించింది.

రంగూ వాసనా కూడా చాలా చెబుతాయి. ఇంజను నూనె నడిచిన కొద్దీ నల్లబడుతుంది. గేర్ ఆయిలు చిక్కగా, గంధకం ఘాటుతో ఉంటుంది, ఒకసారి వాసన చూస్తే మర్చిపోరు. డిప్ స్టిక్ దగ్గర పెట్రోలు వాసన వస్తే, నూనె పల్చబడి మట్టం తనంతట తనే పెరిగితే, కార్బొరేటర్లో ఫ్లోటు సరిగా మూసుకోవడం లేదని అర్థం. రాత్రి పెట్రోలు ట్యాపు కట్టకుండా వదిలేస్తే అది ఇంజన్లోకి దిగుతుంది. అలాంటి నూనెతో బండి నడపకూడదు. నిలబెట్టినప్పుడు కూడా కారుతుంటే నూనె మట్టానికి కిందున్న చోట్లు చూడాలి. నడుస్తున్నప్పుడే కారితే ఒత్తిడి ఉన్న దారులూ, పైభాగమూ చూడాలి. బండి కింద రాత్రి పాత అట్టముక్క పరిచి, చక్రాలు ఆనిన చోట గుర్తులు పెట్టుకుంటే పొద్దున్న ఏ చుక్క ఏ భాగం కింద పడిందో కొలిచి చూసుకోవచ్చు. ఇక వాల్వు మంచిదై ఉండి, నూనె సరైన మట్టంలో ఉండి, అయినా బ్రీదర్ పైపు జోరుగా ఊదుతూ, సైలెన్సరు నీలిపొగ వదులుతుంటే అది రింగుల అరుగుదల. బోరు పని తప్పదు.

నా అనుభవం విని మిత్రులు తమ బళ్ళ సంగతి అడుగుతుంటారు. స్ప్లెండరు లాంటి బండికి ఎడమవైపు ముందు స్ప్రాకెట్ దగ్గర నల్లగా జిడ్డు కడితే చాంబరు ప్యాకింగని కంగారుపడతారు. ఆ కవరు విప్పి, చైను నుంచి ఎగిరిన జిడ్డంతా గీకి కడిగి చూస్తే తరచు స్ప్రాకెట్ షాఫ్టు సీలో, గేరు రాడ్డు సీలో తేలుతుంది. ఇంజను దించకుండా మార్చే పని. సీలు మార్చేటప్పుడు షాఫ్టు మీద గోరు పెట్టి చూడాలి. పాత సీలు ఒరుసుకుని గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది, దాన్ని కొద్దిగా ముందుకో వెనక్కో కూర్చోబెట్టాలి. ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోకు బండికి సైలెన్సరు అతుకు దగ్గర నల్లటి చారలు వస్తే అది ఇంజను ఆయిలు లీకు కాదు, మండకుండా మిగిలిన టూటీ నూనె. ఆ బండిలో గేర్ ఆయిలు బయట ఎక్కడా కారకుండానే తగ్గిపోతూ పొగ దట్టంగా వస్తే, క్లచ్ వైపు క్రాంకు సీలు లోపలికి పీలుస్తోందని చూడాలి.

బిగింపు గురించి ఒక మాట. అల్యూమినియంలో దిగే 6 మిల్లీమీటర్ల బోల్టుకి కావలసిన బిగింపు సుమారు 10 న్యూటన్ మీటర్లు. పొడవాటి పానా చివర పట్టుకుని లాగితే అది ఎప్పుడో దాటిపోతుంది. మూత అంచు వంగిందని అనుమానముంటే మందపాటి అద్దం మీద సన్న ఎమిరీ పేపరు పరిచి, మూతని దాని మీద గుండ్రంగా తిప్పి రాయాలి. మెరిసినచోట ఎత్తు, మెరవనిచోట పల్లం. అంచంతా ఒకేలా మెరిసేదాకా రాస్తే పల్చటి కాగితం ప్యాకింగు చాలు, గమ్ము అవసరం దాదాపు రాదు.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. ఆ ఆదివారాలన్నిటా వంపిన నల్లనూనె, జిడ్డు కిరోసిన్ మా వీధి కాలవలో పోశాను. మా ఊళ్ళో కాలవలు ఎటు పోతాయో, ఏ పొలాలు తడుపుతాయో తెలిసినవాణ్ణే. వాడిన ఇంజను నూనె ప్రమాదకర వ్యర్థాల కింద లెక్కని 2016 నాటి కేంద్ర నిబంధనల్లో ఉంది. ఇప్పుడు డబ్బాలో పట్టి ఉంచి, వాడిన నూనె సేకరించేవాళ్ళకి ఇచ్చే వర్క్‌షాపులో అప్పగిస్తున్నాను. పోసింది మాత్రం వెనక్కి తీసుకోలేను.

కట్టు విప్పాక నా భార్యకి అసలు సంగతి చెప్పాను. జారింది రోడ్డు వల్ల కాదని, చక్రం మీద నూనె నాకు ముందే కనిపించిందని, విప్పడానికి బద్ధకించి చైను నూనె అనుకున్నానని. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. "కనబడ్డప్పుడే నాకు చెప్పుంటే నేను ఆ రోజు బస్సెక్కేదాన్ని కదండీ" అంది. వెనక కూర్చునేవాళ్ళకి టైరు కనపడదు, ఆ సమాచారం నడిపేవాడి దగ్గర మాత్రమే ఉంటుంది. ఆమె ఆ తర్వాత చాలా నెలలు బండి ఎక్కలేదు. ఎక్కమని నేనూ అడగలేదు. ఇప్పుడు బయల్దేరే ముందు వెనక టైరు రెండు పక్కలా చేత్తో రాసి చూస్తాను, ఆమె వచ్చినా రాకపోయినా.

బండి పూర్తిగా పొడిగా ఉందని చెప్పను. గేర్ బాక్సు స్ప్రాకెట్ వెనక కొంచెం చెమరుస్తోంది. వాసన చూశాను, గేర్ ఆయిలే. అట్టముక్క మీద రాత్రికి ఒక చుక్క కూడా పడటం లేదు, టైరు వైపు రావడం లేదు. చైను సెట్టు ఎలాగూ మార్చాల్సి ఉంది, అప్పుడు స్ప్రాకెట్ ఊడదీస్తాం. సీలు కొనిపెట్టాను. షాఫ్టు మీద గాడి ఉందో లేదో చూశాకే వేస్తాను. ఆ రోజు ఇంకేమీ ముట్టుకోను.